స్టాంపు కాదురా, పని అడుగు

ఇంటర్న్‌షిప్ అట. ఈ మాట లేకుండా మా తిరువూరులో ఏ ఇంట్లోనూ పొద్దు గడవడం లేదు. "మావాడికి ఇంటర్న్‌షిప్ ఎక్కడా దొరకలేదండీ", "మా అమ్మాయికి ఆన్‌లైన్‌లోనే ఇచ్చేశారండీ" అని, బోసుబొమ్మ సెంటర్లో టీ కోసం నిలబడితే చాలు, ఇవే కబుర్లు. మా రోజుల్లో దీనికి పేరే లేదు నాయనా. వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడు పొద్దున్నే మా నాన్న "తిన్నది అరిగే పని ఏదన్నా చూసుకో" అనేవాడు. దరఖాస్తు లేదు, పోర్టల్ లేదు, ఓటీపీ రాలేదని ఫోను పట్టుకుని డాబా ఎక్కడం లేదు. కండువా దులిపి భుజాన వేసుకుని, నన్ను వెంటబెట్టుకెళ్ళి ఎవరో ఒకరి ముందు నిలబెట్టేవాడు. "వీణ్ణి మీ దగ్గర పెట్టుకోండి. తిడితే తిట్టండి, నాతో చెప్పక్కర్లేదు" అనేసి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయేవాడు.

నేను బీకాంలో చేరింది 1976లో. ఆ ఏడే నాగార్జున యూనివర్సిటీ పుట్టింది. ఇప్పుడు మీరంతా బందరులో ఉన్న కృష్ణా యూనివర్సిటీ కింద చదువుతున్నారు, అది 2008లో వచ్చింది, మాకు మనవరాలి వరస. మీకు ఊళ్ళోనే డిగ్రీ కాలేజీ. మాకు బెజవాడ. తిరువూరులో ఎర్రబస్సెక్కితే ఎ.కొండూరు, మైలవరం మీదుగా ఇబ్రహీంపట్నం దాటి బెజవాడ చేరేసరికి ఒళ్ళు హూనమయ్యేది. ఆ రోజుల్లోనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ కడుతున్నారు. సెలవులకు వచ్చినప్పుడల్లా బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, పని ఎంతదాకా వచ్చిందా అని చూసేవాణ్ణి. మొదటి యూనిట్ 1979లో మొదలైంది. మా వైపు ఐటీఐ కుర్రాళ్ళు కొందరు ఆ కట్టుబడిలోనే వెల్డింగులో చెయ్యి తిప్పుకున్నారు. ఆ తర్వాత వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా పని వెతుక్కోలేదు, పనే వాళ్ళను వెతుక్కుంటూ వచ్చింది. కిటికీలోంచి చూసినవాణ్ణి నేను బీకాం అయ్యాను. సరే, ఆ సంగతి ఎందుకిప్పుడు. మామిడితోట సంగతి చెప్పబోయి ఎక్కడికో పోయాను.

మొదటి ఏడు సెలవుల్లో మా నాన్న నన్ను పెట్టింది మామిడితోటలో. నూజివీడు, రెడ్డిగూడెం, విస్సన్నపేట, తిరువూరు, ఈ చుట్టుపట్లంతా మామిడి సీమే కదా. ఒక వ్యాపారి తోటను గుత్తకు తీసుకున్నాడు. కోత దగ్గర లెక్క రాయడం నా పని. పని నేర్పింది మాత్రం ఆ వ్యాపారి కాదు, కోత చూసే మేస్త్రి. ఆయనకు అక్షరం ముక్క రాదు. మొదటి రోజే ఒక బంగినపల్లి కాయ నా చేతిలో పెట్టి, "నువ్వు కాలేజీలో చదువుతున్నావంటగా, ఇది ముదిరిందో లేదో చెప్పు" అన్నాడు. కాయను అటూ ఇటూ తిప్పాను, వాసన చూశాను. ఆయన నా వేలు పట్టుకుని తొడిమ పక్కన ఆనించాడు. "ఇదిగో, ఇక్కడ భుజాలు పైకి లేవాలి. లేస్తే తొడిమ లోపలికి దిగినట్టుంటుంది. అప్పుడది ముదురు. ఇట్లా ఏటవాలుగా ఉంటే లేత. లేతకాయ కోస్తే మాగదు, ముడుచుకుపోతుంది. కొన్నవాడు తిట్టేది నన్ను కాదు, తోటను." అంతటితో ఆగాడా? కాయను చిక్కంలోకి ముచ్చికతో సహా కొయ్యాలి, ముచ్చిక ఊడితే సొన కారుతుంది, కారిన చోట నల్లమచ్చ పడుతుంది, మచ్చ పడ్డ కాయను వేరే గంపలో వెయ్యాలి. ఇవన్నీ ఆయన ఎండలో నిలబెట్టే నేర్పాడు. సొన పడి నా చేతుల మీద తోలు లేచింది. ఆముదం రాయమన్నాడు. రాసుకుని మళ్ళీ పుస్తకం పట్టుకున్నాను.

లెక్క ఎట్లా ఉండేదనుకున్నావు? నాలుగు కాయలు ఒక పుంజీ. రెండు చేతులతో రెండేసి కాయలెత్తి గంపలో వేస్తూ పైకి పాడినట్టు చెప్పేవాళ్ళు. మొదటిదాన్ని ఒకటి అనేవాళ్ళు కాదు, 'లాభం' అనేవాళ్ళు. లాభం, రెండు, మూడు అంటూ వాళ్ళు చెప్పుకుపోతుంటే ఆ గొంతుతో సమానంగా నా పెన్సిల్ పరిగెత్తాలి. గొంతు ఆగిన చోట అంకె ఉండాలి. లారీ ఎక్కేటప్పుడు మళ్ళీ లెక్క, గంపల్లో వరిగడ్డి సరిగ్గా పరిచారా లేదా అని చూడటం, డ్రైవరుకు చీటీ రాసివ్వడం. సాయంత్రానికి నోరు ఎండిపోయేది. ఇదంతా చేస్తే ఇచ్చింది ఏమిటి? రోజుకు కొంత డబ్బు, మచ్చ పడ్డ కాయలు ఒక సంచెడు. సర్టిఫికెట్ ఇవ్వలేదు. కానీ ఇన్నేళ్ళ తర్వాత కూడా బజార్లో నిలబడి నాలుగు కాయలు తాకి ఏది ముదురో ఏది లేతో చెప్పేస్తాను. నీ ఇంటర్న్‌షిప్ అయిన మూడోనాడు నీకు అందులో ఒక్క ముక్క చెప్పడం వచ్చా?

మరుసటేడు కమీషన్ కొట్లో. మిరపకాయలు, ధాన్యం, వేరుశనగ వచ్చేవి. గంపలగూడెం వైపు నుంచి బళ్ళు తెల్లవారుజామునే వచ్చేవి, కట్టలేరు పొంగితే మాత్రం రెండు మూడు రోజులు కొట్టు ఖాళీ. కాలేజీలో మా లెక్చరరు జమ, ఖర్చు అంటూ బల్ల గుద్ది చెప్పిన పాఠం, ఇక్కడ చిట్టాలోంచి ఆవర్జాలోకి ఎక్కించేటప్పుడు గానీ బుర్రకెక్కలేదు. ఆ షావుకారు ఒక పద్ధతి పెట్టాడు. రైతుకు లెక్క చీటీ రాసినవాడే దాన్ని పైకి చదవాలి. కాటా ఎంత, తరుగు ఎంత, హమాలీ ఎంత, కమీషన్ ఎంత, చేతికి వచ్చేది ఎంత. రైతు "ఊఁ" అన్నాకే గల్లాపెట్టె తెరిచేవాడు. చదువుతుంటే రైతు నా కాగితం వైపు చూసేవాడు కాదు, నా మొహంలోకి చూసేవాడు. ఆ చూపు ముందు అంకె తప్పుగా రాయాలంటే చెయ్యి వణికేది. బీకాం మూడేళ్ళలో నాకు అకౌంట్స్ నేర్పిన పుస్తకాలు చాలా ఉన్నాయి, ఒప్పుకుంటాను. లెక్క అంటే అవతలివాడి ఇంటి ఖర్చు అని నేర్పింది మాత్రం ఆ గడపే.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. నేను బ్యాంకులో రిటైరయ్యాక మా మేనల్లుడి ఎరువుల కొట్లో కాస్సేపు కూర్చుంటున్నాను. పోయిన వేసవిలో ఒక కుర్రాడు వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో స్పైరల్ బైండింగ్ పుస్తకం. "తాతయ్యా, ఒక స్టాంపు వేసి సంతకం పెట్టండి." ఎందుకురా అంటే ఇంటర్న్‌షిప్ అన్నాడు. ఎక్కడ చేశావురా అంటే, "ఇక్కడేనండీ" అన్నాడు. మా కొట్లో! వాణ్ణి నేను చూడటం అదే మొదలు. పుస్తకం తెరిస్తే రెండు నెలల దినచర్య ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకే రాత్రి రాసేసినట్టుంది. మొదటివారం ఎరువుల రకాలు తెలుసుకున్నాడట, రెండోవారం కస్టమర్లతో మాట్లాడాడట, మూడోవారం స్టాకు నిర్వహణ అట. "యూరియా బస్తా ఎన్ని కిలోలురా?" అన్నాను. "యాభై." "2018 నుంచి నలభై అయిదు. డీఏపీ బస్తా మీద 18, 46 అని ఉంటుంది, ఏమిటవి?" వాడు కాసేపు ఆలోచించి "కోడ్ నంబరేమో తాతయ్యా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. స్టాంపు సొరుగులో పెట్టి తాళం వేశాను. "కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. పాపం, మంచి పిల్లవాడే. అంతలో ఒక రైతు పురుగుమందు డబ్బా పట్టుకుని వచ్చాడు. దాని మీదున్న చీటీ అంతా చీమతలకాయలంత అక్షరాలు, నా కళ్ళకు ఆనవు. "నువ్వు చదవరా" అన్నాను. వాడు ఫోనులో ఫొటో తీసి, పెద్దది చేసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని తెలుగులో రైతుకు చెప్పాడు. ఎకరాకు ఎంత, ఎన్ని నీళ్ళలో కలపాలి, కొట్టిన తర్వాత ఎన్నాళ్ళు ఆగాలి. "ఆ మూలన రంగు ముద్ర చూశావా?" అన్నాను. "పసుపుందండీ." "ఎరుపైతే అన్నిటికన్నా విషం. దాని తర్వాత పసుపు. ఆ తర్వాత నీలం. ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. పసుపు డబ్బా పట్టుకుని చేతులకు తొడుగు లేకుండా కొడితే ఏమవుతుందో ఆయనకు చెప్పు." వాడు చెప్పాడు. ఎంత బాగా చెప్పాడనుకున్నావు! ఆ రైతు "మా అబ్బాయి కూడా నీ ఈడువాడేనయ్యా" అని వాడి భుజం తట్టి వెళ్ళాడు. మర్నాడు పొద్దున కొట్టు తలుపు తీసేసరికి వాడు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. అదే వారంలో ఎరువుల సంచుల మీది అంకెలన్నీ నాకు అప్పజెప్పాడు. 18 అంటే నత్రజని, 46 అంటే భాస్వరం అని ఇప్పుడు వాడే కొట్టుకు వచ్చినవాళ్ళకు చెప్తున్నాడు. వాడి పుస్తకం మళ్ళీ కొత్తగా రాయించాను. అప్పుడు వేశాను స్టాంపు.

అందుకే నా కోపం వాడి మీద కాదు. స్టాంపు ఇమ్మంటే ఇచ్చేసే మా వయసు పెద్దమనుషుల మీద. రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ చదివే ప్రతి పిల్లాడికీ పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడు అయ్యాక రెండు నెలలు ఊళ్ళలో సామాజిక సేవ ప్రాజెక్టు, రెండో ఏడు అయ్యాక మరో రెండు నెలలు పని, మూడో ఏట ఒక సెమిస్టరంతా పనిలోనే. రూలుగా చూస్తే బంగారం లాంటిది. మా రోజుల్లో మా నాన్నలు చేసిన పనినే ప్రభుత్వం చేసింది. అసలు చదువుతోపాటు పని అనుభవం ఉండాలని కొఠారీ కమిషన్ 1966లోనే రాసిచ్చింది. అంతకుముందు 1937లో గాంధీగారు వార్ధాలో పెట్టిన నయీ తాలీంలోనూ అదే మాట. చేతిపని లేని చదువు నిలవదని పెద్దలు ఎప్పటినుంచో మొత్తుకుంటూనే ఉన్నారు. తీరా అందరికీ ఒకేసారి రూలు వచ్చేసరికి ఏమయింది? ఇంత చిన్న ఊళ్ళో అంతమంది పిల్లల్ని ఎవరు కూర్చోబెట్టుకుంటారు? పని దొరకని చోట కాగితం పుట్టింది. డబ్బిస్తే చేసినట్టు రాసిచ్చేవాళ్ళు తయారయ్యారు. పుస్తకం నింపి పెట్టడానికి ఒక రేటు, సంతకానికి ఒక రేటు. ఇంకా కొందరికి ఆన్‌లైన్‌లో. దిండు పక్కన ఫోను పెట్టి వీడియో ఆడిస్తూ నిద్రపోతే, లేచేసరికి సర్టిఫికెట్ వచ్చి ఉంటుందట. మా మనవడే చెప్పాడు, గొప్పగా చెప్పాడు.

సామాజిక సేవ ప్రాజెక్టు అన్నాను కదా, దాని సంగతి వేరే చెప్పాలి. ఇంటింటికీ వెళ్ళి సర్వే చేయమంటారు. ఇంట్లో ఎందరు, నీళ్ళెక్కడివి, మరుగుదొడ్డి ఉందా, పిల్లలు బడికి వెళ్తున్నారా. చాలామంది ఇంటి అరుగు మీద కూర్చునే నింపేస్తున్నారు. పక్కింటివాళ్ళ పేర్లు, ఊహించిన అంకెలు. అది వింటే నాకు ఎక్కడో కలుక్కుమంటుంది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టు.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. నేను బీకాం రెండో ఏడు. జాతీయ సేవా పథకం అప్పటికే కాలేజీల్లో ఉంది, గాంధీగారి శతజయంతి ఏడు 1969లో మొదలుపెట్టారు దాన్ని. మా కాలేజీ నుంచి కొంతమందిమి లారీలో అవనిగడ్డ వైపు వెళ్ళాం. దారంతా ఆ వాసన. దాని గురించి రాయను. మాకు అప్పజెప్పిన పని, బతికినవాళ్ళ జాబితా రాయడం. బియ్యం, బట్టలు, గిన్నెలు ఇంటింటికి లెక్క ప్రకారం ఇవ్వాలి కదా. నాగాయలంక దిక్కున ఒక పల్లెలో, గోడలు లేని చోట, ఒక ముసలమ్మ కూర్చుని ఉంది, పక్కన చిన్న పిల్లాడు. నేను నిలబడే అడిగాను, "మీ ఇంట్లో ఎంతమంది అమ్మా?" అని. "ఏడుగురం" అంది. ఏడు రాయబోయాను. వాళ్ళిద్దరు తప్ప ఎవరూ కనపడటం లేదు. ఏం రాయాలో తెలియక మా లెక్చరరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా చేతిలో కాగితం చూసి, "జాబితాలో ఇద్దరు రాయి. తర్వాత కూర్చుని మిగతా అయిదుగురి పేర్లు అడుగు. ఆవిడ చెప్తుంది. అందరి పేర్లూ విని రా" అన్నారు. వెళ్ళి నేల మీద కూర్చున్నాను. ఆవిడ ఒక్కో పేరూ చెప్పింది. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరికి ఏం ఇష్టమో కూడా చెప్పింది. వింటూ కూర్చున్నాను. ఆ తర్వాత బ్యాంకులో నా బల్ల ముందుకు ఎంతమంది వచ్చారో! ఎదుటి మనిషి కూర్చోకముందు నేను పెన్ను పట్టుకోలేదు.

సర్వే అంటే అదిరా. ఇప్పుడు నీకు అలాంటి పని దొరకదనుకుంటున్నావా? మన ఊరి నుంచి బెజవాడ వెళ్ళే దారిలోనే ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి లంబాడీ తండాల్లో ఏళ్ళ తరబడి మూత్రపిండాల జబ్బుతో మనుషులు పోతున్నారు. పేపర్లన్నీ రాశాయి, మంత్రులు వచ్చారు, కృష్ణా నీళ్ళు ఇస్తామని పైపుల పథకం పెట్టారు. నీ ప్రాజెక్టు పుస్తకంలో అది ఎందుకు లేదు? ఒక తండా తీసుకో. ఏ ఇంట్లో ఏ బోరు నీళ్ళు తాగారు, ఎన్నేళ్ళు తాగారు, పొలం పనిలో ఒళ్ళునొప్పులకు ఏ బిళ్ళలు మింగుతున్నారు, డయాలసిస్‌కు ఎక్కడికి వెళ్తున్నారు, వెళ్ళిరావడానికి ఎంతవుతోంది, కొత్త పైపు నీళ్ళు ఇంటిదాకా వచ్చాయా లేదా. ఇవి అడిగి రాసుకొచ్చిన పుస్తకాన్ని తీసుకెళ్ళి, ఇప్పుడు తిరువూరులోనే ఆర్డీవో ఆఫీసు ఉంది కదా, అక్కడ ఇవ్వు. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినప్పుడు డివిజన్ కూడా వచ్చింది. మా రోజుల్లో ఏ కాగితానికైనా నూజివీడో బందరో పరిగెత్తాలి. నీకు ఆఫీసు ఊళ్ళోనే ఉంది, ఫోనులో కెమెరా ఉంది, మోటారు సైకిలు ఉంది. ఆ తండావాళ్ళ ముందు కూర్చునే ఓపిక ఒక్కటి తెచ్చుకోవాలి నువ్వు.

పెద్ద కంపెనీల సంగతి అడుగుతావు, తెలుసు. 2024లో కేంద్రం ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం పెట్టింది. 21 నుంచి 24 ఏళ్ళ వాళ్ళకి ఏడాదిపాటు, నెలకు అయిదువేలు, దేశంలో పెద్ద పెద్ద కంపెనీల్లో. అయిదేళ్ళలో కోటి మందికి ఇస్తామన్నారు. బాగుంది. కానీ పెట్టినప్పటి రూలు ప్రకారం రోజూ కాలేజీకి వెళ్ళి చదువుకునేవాడికి అది రాదు, చదువు అయిపోయినవాడికే. చదువుతుండగా నేర్చుకోవాల్సింది అయిపోయాక నేర్పుతారట. ఇటు చూస్తే సీఏ చదివేవాళ్ళకు మూడేళ్ళ ఆర్టికల్స్ ఉండేది, దాన్ని 2023 నుంచి రెండేళ్ళు చేశారు. ఆడిటరు గుమ్మంలో మూడేళ్ళు కాచుకున్నవాడికీ రెండేళ్ళకే బయటపడినవాడికీ తేడా ఉండదా అని నా బాధ. పుస్తకాలు చదవడానికి వ్యవధి కావాలని తగ్గించారంటారు. పుస్తకాలు మా రోజుల్లో లేవా?

ఈ గొడవలో నాకు చల్లగా కనిపించేది ఆర్టీసీ డిపో ఒక్కటే. ఐటీఐ పిల్లల్ని అప్రెంటిస్‌లుగా తీసుకుంటారు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఇంకా నడుస్తోందంటే ఇలాంటి చోట్ల వల్లే. బస్సు కింద పడుకుని, మొహం మీద గ్రీజు కారుతుంటే నట్టు బిగించే పిల్లాడు సాయంత్రం బయటికొచ్చి టీ తాగుతుంటే నేను పక్కన నిలబడి డబ్బులిచ్చేస్తాను. "ఎందుకండీ?" అంటాడు. "నువ్వు బిగించిన బస్సులోనే కదరా మా అమ్మాయి ఇంటికి వెళ్ళేది" అంటాను.

ఇంకో సంగతి చెప్పి వదిలేస్తాను. మా వీధిలో ఒకాయన ఉన్నారు. కొడుకు డిగ్రీ చదివేటప్పుడు వేసవిలో పత్తి కొట్లో కాటా దగ్గర నిలబడతానంటే ఒప్పుకోలేదు. "మనకేం ఖర్మ, నలుగురూ ఏమనుకుంటారు" అన్నారు. ఇప్పుడా అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్. యూనివర్సిటీ క్యాంటీన్‌లో పళ్ళేలు కడుగుతున్నాడు. అక్కడి వీసా రూలు ప్రకారం చదువు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లోనే వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదు. ఆ ఇరవై గంటలూ చేస్తున్నాడు, మంచి మాటే. ఇప్పుడు తండ్రిగారు అందరికీ చెప్పుకుంటున్నారు, "మావాడు తన ఖర్చులు తనే సంపాదించుకుంటున్నాడండీ" అని. నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ మాట తిరువూరులో చెప్పుకోవడానికి ఆయనకు ఏం అడ్డొచ్చింది? సముద్రం దాటితే పోయే నామోషీ ఊళ్ళో ఎందుకు పోదు? ఇక్కడే రెండు వేసవులు కాటా దగ్గర నిలబడి ఉంటే వాడు అక్కడ మొదటి నెలలో ఏడ్చేవాడు కాదు. ఏడ్చాడని వాళ్ళమ్మే చెప్పింది.

మా రోజులు మా రోజులు అని ఇంతసేపు సతాయించాను. అన్నీ నిజాలే. అయితే ఇది కూడా నిజం: నాకు తోటలోనూ కొట్లోనూ చోటు దొరికింది మా నాన్నకు అక్కడ మాట చెల్లింది కాబట్టి. మాట చెల్లని నాన్నల పిల్లలు అదే తోటలో గంపలు మోశారు. నాతోపాటు బడిలో చదివినవాడు నేను లెక్క రాస్తుంటే గంప ఎత్తాడు, వాడికి లెక్క నా కన్నా బాగా వచ్చు. ఆడపిల్లలైతే అసలు ఎక్కడా లేరు. మా చెల్లెలు ఇంటర్ ఫస్టు క్లాసు, సెలవుల్లో ఆవిడకు దొరికిన పని వడియాలు పెట్టడం. ఈ పది నెలల రూలు వచ్చాక మన ఊరి అమ్మాయిలు బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, సచివాలయాల్లో కూర్చుని పని చూస్తుంటే నేను ఆగి చూస్తాను. నాన్న పలుకుబడి లేకపోయినా అడిగే హక్కు ఇప్పుడు ప్రతి పిల్లకూ ఉంది. ఈ ఒక్క విషయంలో మీ రోజులే మంచివి. ఎక్కడన్నా ఒప్పుకోవాల్సి వస్తే ఇక్కడే ఒప్పుకుంటాను, మిగతావాటిలో ఒప్పుకోను.

అందుకనే మా ఈడు షావుకార్లతో, ఆడిటర్లతో, జిన్నింగు మిల్లులవాళ్ళతో, మందుల కొట్లవాళ్ళతో పొద్దున్నే వాకింగులో పోట్లాడుతున్నాను. పిల్లాడు పుస్తకం పట్టుకుని వస్తే స్టాంపు వెయ్యకండి, స్టూలు వెయ్యండి అని. అడ్డం వస్తాడంటారు. వస్తాడు మరి! నేను రాలేదా? మేస్త్రికి అడ్డం వచ్చాను, షావుకారుకు అడ్డం వచ్చాను, వాళ్ళు ఓర్చుకున్నారు. కాలేజీలవాళ్ళతో కూడా మాట్లాడాను. సంతకాల కాగితం చూసి మార్కులు వేసే బదులు వారానికోసారి లెక్చరరు వచ్చి కొట్లో పది నిమిషాలు నిలబడితే చాలు, ఎవడు పని చేస్తున్నాడో ఎవడు చెయ్యడం లేదో గుమ్మంలోనే తెలిసిపోతుంది.

నీకు చెప్పేది ఇంతే అబ్బాయ్, నీక్కూడా అమ్మాయ్. ఎక్కడికి వెళ్ళినా మొదటి రోజు సర్టిఫికెట్ మాట ఎత్తకు. "నేనేం చెయ్యను?" అని అడుగు. ఊడవమంటే ఊడువు, మోయమంటే మొయ్యి, లెక్క రాయమంటే రాసింది పైకి చదువు. రెండోవారానికి వాళ్ళే పిలిచి చెప్తారు. ఎవరూ పెట్టుకోకపోతే మా మేనల్లుడి కొట్టు ఉంది. పత్తి మొదలయ్యేసరికి మనిషి కావాలి. ఎనిమిదింటికల్లా రావాలి, ఫోను సొరుగులో పెట్టాలి, పురుగుమందు చీటీలు చదవడానికి మాత్రమే తీసిస్తాను.